పాల బస్సు

మడతల పిన్నికి ఇప్పటికీ వీధి మలుపులో బస్సు హారను వినబడితే చెయ్యి దానంతటదే రవిక మీదికి పోతుంది. తడిసిందేమోనని చూసుకుంటుంది. తడవడానికి ఇంకేముంది, ఆ పాలు తాగిన కొడుక్కే తల నెరుస్తోంది. "పాలు ఎప్పుడో ఇంకిపోయాయి, కంగారు మటుకు ఇంకలేదు" అని తనే నవ్వుకుంటుంది.

మడతల పిన్ని అన్న పేరు ఆవిడకు లాండ్రీలో వచ్చింది. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల దిండు గలీబులు మూటలు మూటలుగా వచ్చిపడే పెద్ద లాండ్రీ అది. ఒక వైపు ఉతికే డ్రమ్ములు, వాటి పక్కన గంజి తొట్లు, నడుమ ఇస్త్రీ బల్లలు, అన్నిటికన్నా చివర మడతల బల్ల. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి పట్టుకోవలసిన దుప్పటిని ఆవిడ ఒక్కతే అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు బార్లా చాపి, మూలకు మూల కలిపి బల్ల మీద పెట్టిందంటే చాకుతో కోసినట్టుండేది. ఇప్పుడా లాండ్రీ లేదు. ఆ చోట కార్లు నిలుపుకుంటున్నారు. అటుగా వెళ్ళినప్పుడల్లా పిన్ని ఒక్క క్షణం ఆగి గాలి పీల్చి చూస్తుంది. ఆ వేడి గుడ్డల వాసన ఎక్కడుంటుంది, పెట్రోలు వాసన తప్ప.

కొడుకు పుట్టి, వాడికి మెడ నిలబడగానే పిన్ని మళ్ళీ పనిలోకి వెళ్తానంది. ఇంట్లో ఉండేది మొగుడు, అత్తగారు, ఈ పసివాడు. అత్తగారు బియ్యం చేట పక్కన పెట్టింది.

"మానేస్తే ఏం పోయింది?"

"ఏం పోలేదత్తయ్యా. నాకా పని ఇష్టం."

"మడతలు పెట్టుకోడానికి ఇంట్లో బట్టలు లేవా?"

"మన బట్టలు ఏ మూలకొస్తాయి అత్తయ్యా."

అత్తగారికి నవ్వొచ్చింది కానీ బయటపడనివ్వలేదు. ఆవిడ భయం ఆవిడది. అంతకుముందు పిన్నికి జ్వరం వచ్చినప్పుడు డబ్బా పాలు పట్టి చూశారు. పిల్లవాడు తాగింది తాగినట్టే కక్కేసి, కళ్ళు తేలేసి, ఇల్లంతా గాభరా పెట్టేశాడు. ఆ కక్కిందంతా కడిగింది ఆవిడే.

"సరే, నువ్వు పిండి పంపిన పాలు వస్తున్నన్నాళ్ళు వెళ్ళు" అంది చివరికి. "ఒట్టి సీసా వచ్చిన రోజున మటుకు నోరెత్తకుండా ఇంట్లో కూర్చోవాలి. వాడి నోట్లో మళ్ళీ ఆ డబ్బా పాలు పొయ్యడం నా వల్ల కాదు."

పిన్ని ఒప్పుకుంది. 

సీసా వచ్చే దారి ఆవిడ మొగుడు. ఆయన బస్సు కండక్టరు. లాండ్రీ ముందు నుంచి, ఇంటి దగ్గరి మలుపు మీదుగా పోయే బస్సు ఆయనది. మధ్యాహ్నం బస్సు లాండ్రీ ముందు ఆగగానే పిన్ని గేటు దగ్గరికి వచ్చి, చన్నీళ్ళ డబ్బాలో నిలబెట్టిన సీసాను డబ్బాతో సహా కిటికీలోంచి అందించేది. ఆయన దాన్ని తన సీటు దగ్గర కాళ్ళ మధ్య ఇరికించుకుని టిక్కెట్లు కొట్టేవాడు. మలుపు దగ్గర అత్తగారు మనవడిని చంకనేసుకుని నిలబడి ఉండేది. రోజూ ఎక్కే జనం దానికి పాల బస్సని పేరు పెట్టేశారు. "పాల బస్సు పోయిందా?" అని ఒకళ్ళనొకళ్ళు అడిగేవాళ్ళు. ఎండాకాలంలో ఎవరో ఒకరు తమ సీసాలో చల్లటి నీళ్ళు ఆ డబ్బాలో వంచేవాళ్ళు, అడక్కుండానే.

పాలు తియ్యడం మాత్రం అంత తేలిగ్గా చేతికి రాలేదు. ఎవరో చెబితే ఒక పంపు కొన్నారు. ముందు గాజు గరాటు, వెనక నొక్కడానికి రబ్బరు బుడ్డి. చూడ్డానికి పాత సైకిలు హారనులా ఉండేది. అది పాలకన్నా కన్నీళ్ళే ఎక్కువ తెప్పించింది. దాన్ని పక్కన పడేసి పిన్ని చేత్తో మొదలుపెట్టింది, పళ్ళు బిగపట్టి, బలమంతా పెట్టి.

అలా అవస్థ పడుతుండగా చూసింది గంజి పెద్దమ్మ. లాండ్రీలో గంజి తొట్లన్నీ ఆవిడవే. మోచేతుల దాకా ఎప్పుడూ తెల్లగా గంజి ఆరి ఉండేది. అయిదుగురు పిల్లల్ని పెంచిన మనిషి, నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది.

"ఏంటే పిల్లా ఆ పిండడం? అదేమన్నా తడి తువ్వాలా?" అంది. "వేళ్ళు కొంచెం వెనక్కి పెట్టు. ముందు గుండెల వైపు నొక్కు. ఇప్పుడు వేళ్ళు దగ్గరికి తీసుకురా. వదులు. మళ్ళీ. రాలేదా? రాదు, నువ్వు భుజాలు చెవుల దాకా ఎత్తుకుని కూచున్నావు, ఎలా వస్తాయి?"

ముందొక చుక్క, తర్వాత ఇంకొకటి. కాసేపటికి సన్నటి దారాల్లాగ నాలుగైదు ధారలు ఒక్కసారే వచ్చి స్టీలు గిన్నెలో టింగుటింగుమన్నాయి. పెద్దమ్మ గిన్నెలోకి తొంగి చూసి, ఏదో తనే ఇచ్చినట్టు తల ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

పిన్ని కూర్చునే చోటు మడతల బల్ల వెనక, దుప్పట్లు పేర్చిన రెండు అరల మధ్య సందు. వేడి నీళ్ళ గొట్టం ఆ గోడ మీదుగా పోయేది కనక వీపుకు వెచ్చగా ఉండేది. సందుకు అడ్డంగా ఒక దుప్పటి వేలాడదీసుకునేది. అక్కడ కూర్చున్నాక ఆవిడ కనిపెట్టిన కిటుకొకటుంది. పిల్లవాడి ఒంటి మీంచి విప్పిన జుబ్బా ఒకటి ఉతక్కుండా తెచ్చుకుని, ముక్కు దగ్గర పెట్టుకునేది. పుల్లటి పాల వాసన, మెడ మడతల్లో చెమట వాసన, నడినెత్తి వాసన. ఒక్కసారి గుండెల నిండా పీల్చిందంటే రొమ్ముల్లో జివ్వుమని పాలు దిగేవి. పని అయ్యాక జుబ్బాను అక్కడే మేకుకు తగిలించేది.

ఈ కిటుకు ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసింది. చెప్పి ఉంటే బాగుండేది.

ఒక రోజు గంజి పెద్దమ్మ దుప్పట్లు పెట్టడానికి ఆ సందులోకి వచ్చింది. మేకుకు జుబ్బా కనబడింది. కాలరు నల్లగా, ముందు వైపంతా మరకలు. మాసిన గుడ్డ కంటబడితే లాండ్రీలో ఏ ఒక్కరికీ చెయ్యి ఊరుకోదు, అందులోనూ పెద్దమ్మకి. పాపం ఈ పిల్లకి ఇంటి దగ్గర తీరుబడి లేదు కాబోలు అనుకుంది. రెండు నీళ్ళలో ఉతికింది. పసివాడి ఒంటికి గుచ్చుకోకూడదని గంజి బాగా పల్చగా పెట్టింది. ఇస్త్రీ ఆవిడ చేత కాలరు, చేతులు, బొత్తాల పట్టీ, అన్నీ చేయించింది. నాలుగు మడతలు వేసి అరలో పెట్టింది.

మధ్యాహ్నం పిన్ని వచ్చి మేకు వైపు చెయ్యి చాపింది. మేకు ఖాళీ. అరలో చూస్తే జుబ్బా ఉంది, కొట్లోంచి అప్పుడే తెచ్చినట్టు మడత పెట్టి. ముక్కు దగ్గర పెట్టుకుంటే సబ్బు, వేడి ఇస్త్రీ పెట్టె. ఎవరి పిల్లవాడిదో అనిపించింది.

"దీన్నెవరు ఉతికారు?"

"నేనే" అంది పెద్దమ్మ తొట్టి దగ్గర్నుంచి. "ఎలా ఉంది?"

పిన్ని కూర్చుని గిన్నె పెట్టుకుంది. నొక్కింది. ఏమీ రాలేదు. రొమ్ములు రాళ్ళలా బిగుసుకుని ఉన్నాయి, చెయ్యి తగిలితే ప్రాణం పోతోంది, చుక్క మాత్రం రాదు. బస్సు గుర్తొచ్చింది. బస్సు వెనకే ఒట్టి సీసా, దాని వెనకే అత్తగారి మాట గుర్తొచ్చాయి. అంతే, ఏడుపు ముంచుకొచ్చింది.

ఏడుపు విని మిషన్ల దగ్గరి ఆడవాళ్ళంతా వచ్చారు. ఒకావిడ వేడి తువ్వాలు పట్టుకొచ్చింది, ఒకావిడ వీపు రుద్దింది, ఒకావిడ నీళ్ళు తాగమంది. సంగతి తెలిసి పెద్దమ్మ మొహం పాలిపోయింది. ఇంతలో మేనేజరమ్మ వచ్చి, "మీరందరూ ఇలా మీద పడితే ఎలా వస్తాయి పాలు? వెళ్ళండి, వెళ్ళండి. ఆ డ్రమ్ములు కూడా ఆపండి" అని అందరినీ పంపించేసింది.

మంచి మనసుతోనే చేసింది ఆవిడ. కానీ డ్రమ్ములు ఆగాక హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో పిన్నికి తన గుండె చప్పుడు, దూరాన బస్సు హారను, ఈ రెండే వినబడ్డాయి. ఇంకా బిగుసుకుపోయింది.

అప్పుడు పెద్దమ్మ దుప్పటి పక్కకి తప్పించి సందులోకి వచ్చింది. పిన్ని వైపు వీపు పెట్టి నేల మీద చతికిలబడింది. క్షమించమని అడుగుతుందనుకుంది పిన్ని. పెద్దమ్మకి ఆ మాట అలవాటు లేదు.

"నాకో సంగతి చెప్పవే" అంది. "ఆ జుబ్బా భుజం మీద పసుపుపచ్చ మరకుంది. ఎంత తోమినా వదల్లేదు. ఏంటది?"

"దగ్గు మందు" అంది పిన్ని ముక్కు చీదుకుంటూ.

"మీద పోసుకున్నాడా?"

"వాళ్ళ నాన్న పట్టబోతే ఉమ్మాడు. నేను పడితే తాగుతాడు. ఆయన పడితేనే ఉమ్ముతాడు, ఉమ్మి మళ్ళీ ఆయన మొహంలోకి చూస్తాడు, కోప్పడ్డాడా లేదా అని."

"గడుగ్గాయి. మరి చేతి మీద నీలం మరకో?"

"అది టిక్కెట్ల సిరా. ఈయన ఇంటికి రాగానే చేతులు కడుక్కోకుండా ఎత్తుకుంటారు."

"కడుక్కోమనకూడదూ?"

"అంటాను. ఈలోపు వాడు చేతులు చాపేస్తాడు. ఆయన ఆగలేరు."

"సరేలే. కాలరు ఏంటే, ఎలక కొరికినట్టు పీచులు పీచులుగా ఉంది?"

పిన్ని నవ్వింది, ఏడుపులోనే. "నాకు పనికి టైమైందని వాడికి తెలిసిపోతుంది పెద్దమ్మా. చెప్పులేసుకుంటుంటే చూస్తాడు. ఏడవడు. కాలరు నోట్లో కుక్కుకుని, దాన్నే నములుతూ, నేను గుమ్మం దాటేదాకా..."

మాట ఆగిపోయింది. ముందు చంకల దగ్గర జివ్వుమంది. చూసుకునేసరికి ధార గిన్నె దాటి మోకాలి మీద పడుతోంది.

"ఆపకు, చెప్తూ ఉండు" అంది పెద్దమ్మ, వెనక్కి తిరక్కుండానే. "జేబు దగ్గరది ఏంటి?"

బస్సు అప్పటికే గేటు ముందుంది. కండక్టరు దిగి నిలబడ్డాడు, ఈల నోట్లో ఉంది కానీ ఊదడం లేదు. బస్సులో గొణుగుడు మొదలైంది.

"ఏమయ్యా కండక్టరూ, పాలు ఇంకా పొంగలేదా?" అన్నాడొక పెద్దాయన.

"నాకవతల పనుంది బాబూ" అన్నాడింకొకతను.

వెనక సీట్లోని ఆవిడ అతని వైపు తిరిగింది. "పుట్టడానికి నెలల తరబడి ఆగినవాడివి, ఈ కాసేపు ఆగలేవా?"

బస్సంతా నవ్వింది. అతను కూడా నవ్వేసి కిటికీ వైపు తిరిగాడు.

పిన్ని వచ్చి సీసా అందించింది. రోజూ మెడ దాకా ఉండేది సగం దగ్గర ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడాయన.

"పెద్దమ్మ ఉతికేసింది."

"దేన్ని?"

పిన్ని చెప్పేలోపే పెద్దమ్మ ఆవిణ్ణి పక్కకి జరిపి, గంజి చేతులతోనే కడ్డీ పట్టుకుని బస్సెక్కేసింది. "పోనియ్యవయ్యా. మీ అమ్మతో నేను మాట్లాడాలి" అంది. మేనేజరమ్మ గేటు దాకా వచ్చి పిలిచినా వెనక్కి చూడలేదు.

ఆ సాయంత్రం పిన్ని ఇంటికి ఎలా నడిచిందో ఆవిడకే తెలియదు. అత్తగారు గుమ్మంలోనే కూర్చుని ఉంది, ఒళ్ళో పిల్లవాడితో. వాడు తల్లిని చూసి కాళ్ళు తన్నుకున్నాడు.

"సగమే వచ్చింది" అంది అత్తగారు.

"అవునత్తయ్యా."

"తాగేసి, ఇంకా కావాలని సీసా కేసి చూశాడు."

పిన్ని తల వంచుకుంది. రేపట్నుంచి ఆ మడతల బల్ల దగ్గర ఎవరు నిలబడతారో, ఆసుపత్రి దుప్పట్ల మూలలు సరిగ్గా కలుపుతారో లేదో అని, అలాంటి సమయంలో కూడా, ఒక ఆలోచన వచ్చింది.

"ఎవరో పెద్దావిడ వచ్చింది" అంది అత్తగారు. "చేతినిండా గంజి. నా ఇంట్లోకొచ్చి, నా దండెం మీద బట్టలు చూసి, వీటిని సరిగ్గా జాడించలేదని నాకు పాఠం చెప్పింది. మంచినీళ్ళు తాగింది. తప్పంతా తనదని చెప్పి, వీడి బుగ్గ గిల్లి పోయింది."

"నేను..."

"జుబ్బా సంగతి నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"మాసిన గుడ్డ మోసుకెళ్తున్నానంటే మీరు నవ్వుతారని."

అత్తగారు మనవడి తల నిమిరి, ఆ చేతిని ఊరికే అలా ముక్కు దగ్గరికి తీసుకుంది. "వీళ్ళ నాన్న ఇంతున్నప్పుడు నేను పొలం పనికి వెళ్ళేదాన్ని" అంది. "గట్టు వెనక పిండి నేల మీద పోసేదాన్ని. మోసుకొచ్చే బస్సు ఎక్కడుంది నాకు." తర్వాత గొంతు మామూలైంది. "నేనన్నది ఒట్టి సీసా గురించి. సగం సీసాని ఒట్టి సీసా అంటారా ఎవరైనా? పద, మొహం కడుక్కుని వీడికివ్వు."

మర్నాడు పొద్దున పిన్ని చెప్పులేసుకుంది. పిల్లవాడు కాలరు నోట్లో కుక్కుకుని చూస్తున్నాడు. దండెం మీదవన్నీ ఉతికినవే, సంచిలో ఏం పెట్టుకోవాలో తెలియక నిలబడింది. అత్తగారు వచ్చి వాడి నోట్లోంచి కాలరు లాగి, బొత్తాలు విప్పి, ఒంటి మీది జుబ్బాను తీసేసింది. వాడు కెవ్వుమన్నాడు.

"ఏడవనీ, వేరేది తొడుగుతాను" అంది. "ముందు నువ్విది పట్టుకెళ్ళు. మడత పెట్టకు. ఆవిడ కంటబడనివ్వకు."

పిన్ని అందుకుంది. జుబ్బా ఇంకా వెచ్చగా ఉంది, కాలరు తడిగా ఉంది.