బాతుపిల్ల కోసం కరెంటాఫీసు మీద యుద్ధం

ఇక ఈ జన్మలో కరెంటాఫీసుకి ఫోన్ చేసే మొహం లేదు నాకు. మొన్న శుక్రవారం జరిగింది చెబితే మీరంతా నవ్వుతారు. నవ్వండి, కానీ మొత్తం విన్నాక నవ్వండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది.

మా వారు ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు ప్లాంట్‌లో పనిచేస్తారు కదా. వారం కిందట కైకలూరులో వాళ్ళ అక్కయ్యగారింటికి వెళ్ళి, వస్తూ వస్తూ అట్టపెట్టెలో ఒక బాతుపిల్లని తెచ్చారు. బాతు గుడ్లు నాలుగు కోడి కింద పెట్టి పొదిగిస్తే ఇదొక్కటే మిగిలిందట. "భవానీపురంలో రెండు గదుల వాటా. మనకే చోటు లేదు, దీన్నెక్కడ పెడతారు? రేపే పంపించెయ్యండి" అని కేకలేశాను. మర్నాటికల్లా అది నా చీర కుచ్చిళ్ళ వెంట పడి తిరగడం మొదలెట్టింది. వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, పెరట్లోకి వెళ్తే పెరట్లోకి. మూడోరోజు ఆయన "సరే, పంపించేస్తాలే" అంటే, అందుకూ ఆయన మీద కేకలేశాను.

శుక్రవారం తెల్లారిందగ్గర్నుంచీ తుఫాను వాన. నేను పాఠాలు చెప్పే స్కూలుకి సెలవిచ్చారు. చూస్తే బాతుపిల్ల డల్‌గా ఉంది, నూకలు ముట్టుకోలేదు. బాతు కదా, నీళ్ళు చూస్తే హుషారొస్తుందని బట్టలు నానబెట్టే టబ్బులో నీళ్ళు పోసి వదిలాను. అరగంట ఉంచాను. తీసేసరికి మెడ వాల్చేసింది. కాళ్ళు చాపేసి ఒకటే వణుకు. 

పెట్టెలో వేసుకుని, రిక్షా ఎక్కి పశువులాసుపత్రికి తీసుకెళ్ళాను. ముందు ఒక గేదె, దాని వెనక నేను. డాక్టరుగారు పెట్టెలోకి తొంగిచూసి, "కోడిపిల్లా?" అన్నారు. పశువుల డాక్టరుకి కోడికీ బాతుకీ తేడా తెలీదా? బాతని చెప్పాక, "బల్బు కింద వెచ్చగా పెట్టండమ్మా. బతికితే బతుకుతుంది" అన్నారు. బతికితే బతుకుతుందేంటండీ? డాక్టరు అనాల్సిన మాటేనా అది? ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నారు, నేను పెట్టె తీసుకుని విసురుగా వచ్చేశాను.

ఇంట్లో చూస్తే నలభై వాట్ల బల్బు. దాని వేడి ఏ మూలకి? స్టూలెక్కి వంద వాట్ల బల్బు పెట్టాను. షాక్ కొడుతుందేమోనని ముందు మెయిన్ ఆపాను కూడా. అన్ని జాగ్రత్తలూ తీసుకునే దాన్నే నేను. కిందికి దిగి స్విచ్ వేస్తే బల్బు వెలగలేదు. ఫ్యానూ తిరగలేదు. సరిగ్గా ఇప్పుడే పోవాలా కరెంటు? ఆ వారమంతా అది వస్తూ పోతూనే ఉంది.

ముందు ప్లాంట్‌కి ఫోన్ చేసి మా వారిని పిలిపించాను. "అక్కడ మీరు చేసేది కరెంటా, టీనా? సొంతింటికి బల్బు వెలగదు" అన్నాను.

ఆయన ఎప్పట్లాగే నింపాదిగా, "మెయిన్ చూశావా?" అన్నారు.

"పన్నెండేళ్ళ నుంచి కాపురం చేస్తున్నాను. కరెంటు పోయిందో లేదో కూడా తెలీని దాన్నా?" అని టక్కున పెట్టేశాను. ఆ వెంటనే కరెంటాఫీసుకి చేశాను. ఎవరో గుమస్తా ఎత్తి, అడ్రసూ ఫోన్ నంబరూ రాసుకున్నాడు.

"మీ ఏరియాలో కరెంటు ఉంది కదా మేడమ్."

"ఉంటే మీకెందుకు ఫోన్ చేస్తానండీ, మీ గొంతు విందామనా? ఇక్కడ పదకొండు రోజుల పసిప్రాణం చలికి అల్లాడుతోంది. బల్బు వేడి లేకపోతే బతకదని డాక్టరు చెప్పాడు."

అతని గొంతు మారిపోయింది. "అయ్యయ్యో. బాబా, పాపా మేడమ్?"

"అది ఇప్పుడే ఎలా తెలుస్తుందండీ?" అని కయ్యిమన్నాను.

 అతను చాలా మెల్లగా, "ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా మేడమ్?" అన్నాడు.

"ఉంటే? వాళ్ళు నోటితో ఊది వెలిగిస్తారా బల్బు?"

"కంగారు పడకండి మేడమ్. పిల్లని ఒళ్ళో పెట్టుకోండి. ఇప్పుడే లైన్‌మన్‌ని పంపిస్తున్నాను."

అతను ఏమనుకుంటున్నాడో నాకు తట్టలేదని ఒట్టేసి చెప్పగలను. కోపంలో నాకేం తడుతుంది? పక్క వాటాలో పిన్నిగారి గ్రైండర్ గర్రుమని తిరుగుతోంది, అదీ తట్టలేదు. పిల్లని కొంగులో చుట్టి పొట్టకి ఆనించుకుని కూర్చున్నాను. అది కళ్ళు మూసేసింది. ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు ఇంకా కోపమొస్తుంది.

ఇరవై నిమిషాల్లో లైన్‌మన్ వచ్చాడు. నిలువెల్లా తడిసి, భుజాన నిచ్చెనతో, ఆయాసపడుతూ. "ఇంతసేపా?" అన్నాను. అతను నేరుగా మీటరు బోర్డు దగ్గరికెళ్ళి చూశాడు. ఒక్క వేలితో మెయిన్ పైకెత్తాడు. ఫ్యాన్ తిరిగింది, బల్బు వెలిగింది.

"మెయిన్ ఎవరాపారమ్మా?"

"నేనే." ఆ మాట నాకే వినపడలేదు.

"సర్లెండి. పాపెక్కడ?"

కొంగు విప్పి చూపించాను. అతను పిల్లనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టకుండా కింద కూర్చుని దాని పొట్ట కింద చెయ్యి పెట్టి చూశాడు. "మాది కొల్లేరు పక్కనమ్మా. దీన్ని నీళ్ళలో వేశారా?"

"బాతు కదండీ."

"తల్లిబాతు రెక్కల కింద తిరిగితే పిల్ల ఒంటికి నూనె అంటుతుంది, నీళ్ళు పట్టవు. కోడి పొదిగిన పిల్లకి ఆ నూనె ఏది? గుడ్డలా నానిపోతుంది."

అంటే డాక్టరు కాదు, కరెంటు కాదు, మా వారు కాదు. పొద్దుట్నుంచీ దాన్ని చంపుతున్నది నేనే.  నాచేత తువ్వాలు తెప్పించి అతనే దాని ఒళ్ళంతా ఒత్తి, బల్బు కింద పెట్టాడు. నేను పెట్టిన టీ తాగి, "బతుకుతుందిలెండమ్మా" అని ఇంకో కంప్లయింటు చూసుకోవడానికి వెళ్ళిపోయాడు.

పావుగంటకి పిల్ల మెడెత్తింది. లేచి నిలబడింది. తూలుకుంటూ పెట్టె అంచు దాకా వచ్చి నన్ను చూసి అరిచింది. నేను దాన్ని పట్టుకుని నిజంగానే ఏడ్చేశాను.

అప్పుడే ఫోన్ మోగింది. కరెంటాఫీసు గుమస్తా. నేనన్ని మాటలన్నా పాపం మళ్ళీ చేశాడు.

"బిడ్డకెలా ఉంది మేడమ్?"

"బాగుందండీ. లేచి నిలబడింది. ఇప్పుడే నాలుగడుగులు నడిచింది కూడా" అన్నాను, సంతోషం పట్టలేక.

అతను నమ్మలేనట్టు, "పదకొండో రోజుకేనా మేడమ్?"

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. కానీ ఈసారి తిట్టడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు.