జీపులో ఎర్రదీపం

దయ్యాలున్నాయని నాతో వాదించి నెగ్గిన మనిషి ఇంతవరకు తగల్లేదు. కరీంనగర్‌లో బీఎస్సీ చదివే రోజుల్లో మా హాస్టల్ చివరి స్నానాలగదిలో ఎవరో ఏడుస్తారని పుకారు ఉండేది. ఆ గదిలో స్నానం చేసేది నేనొక్కదాన్నే. మిగతా పిల్లలు బకెట్లు పట్టుకొని వరసలో నిలబడేవారు, నాకు వరసే లేదు. చివరికి నేనే పట్టుబట్టి కుళాయికి వాషర్ మార్పించాను. ఏడుపు ఆగిపోయింది. మెచ్చుకున్నవాళ్లు ఎవరూ లేరు, పైగా మర్నాటి నుంచి ఆ చివరి స్నానాలగది ముందు కూడా వరస మొదలైంది.

కాబట్టి ఇది చదివి ఎవరైనా "చూశారా, ఈవిడ కూడా ఒప్పుకుంది" అనుకుంటే అది వాళ్ల ఇష్టం. నేనేమీ ఒప్పుకోవడం లేదు. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మా అక్క డాక్టరు. ఆదిలాబాద్ జిల్లాలో, ఉట్నూరు వైపు, చిన్న కాన్పుల ఆస్పత్రి నడిపేది. లోపల రోగుల సంగతి ఆమెది, బయటి పనంతా నాది. మందులు తేవాలి, నీళ్లు తోడించాలి, కరెంటు పోతే జనరేటర్ నడపాలి. అన్నిటికంటే ముఖ్యం జీపు. వేలంలో కొన్న పాత డీజిల్ జీపు అది. నడిపేదాన్నీ నేనే. డ్రైవర్లను పెట్టి చూశాం. నా నోటికి ఎవరూ నిలవలేదని అక్క అంటుంది. గేరు ఎప్పుడు మార్చాలో వాళ్లకు తెలియదని నేనంటాను.

వానలు పడితే వాగు అవతలి గూడేలకు పోగలిగేది ఆ జీపొక్కటే. బస్సు తారురోడ్డు దిగదు. ఎడ్లబండిని వాగులోకి ఎద్దులే దింపనివ్వవు. మా జీపు ఆగిందంటే ఆ గూడేలలో ఉన్నవాళ్లకు డాక్టరు లేనట్టే.

ఇది జరిగిన ఏడు ఎండాకాలంలో ఆదిలాబాద్‌లో మొయిన్ భాయ్ అనే మెకానిక్ షెడ్డులో ఇంజన్ మొత్తం విప్పించి, అరిగినవన్నీ మార్పించి, మళ్లీ బిగించి తెచ్చాను. తొలకరి తర్వాత మొదటిసారి కొండ మీది ఘాటు రోడ్డు ఎక్కుతుంటే, పక్కన కూర్చున్న మా నర్సు సుగుణ వేలు చూపించింది.

"మేడం, గీ ఎర్రలైటేంది? ఇన్నొద్దులు లేకుండె గద?"

డాష్‌బోర్డు మీద గోలీకాయంత ఎర్ర అద్దం ఒకటి ఉంటుంది. దాని వెనక చిన్న బల్బు. ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోతే అది వెలగాలి. వెలిగితే వెంటనే బండి ఆపాలి. ఆపకపోతే ఇంజన్ లోపల ఇనుము ఇనుమును రాసుకొని పట్టేస్తుంది. తర్వాత దాన్ని తూకానికి అమ్ముకోవడమే.

ఆపాను. బానెట్ ఎత్తి ఆయిల్ పుల్ల తీసి చూశాను. ఆయిల్ నిండుగా ఉంది. కాసేపు ఆగి స్టార్ట్ చేస్తే దీపం లేదు. ఇంటికి చేరేదాకా మళ్లీ రాలేదు. రెండు రోజుల తర్వాత అదే ఘాటు మీద మళ్లీ వచ్చింది. ఆ తర్వాత చదును రోడ్డు మీద కూడా వచ్చింది. ఆపితే పోయేది.

ఇక్కడొక సంగతి చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. తాళం తిప్పి, ఇంజన్ ఇంకా స్టార్ట్ చేయకముందు కూడా ఆ దీపం వెలగాలి. ఇంజన్ తిరగడం లేదు కాబట్టి ఒత్తిడి ఉండదు కదా. స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. మా జీపులో అంతా తలకిందులు. తాళం తిప్పితే వెలగదు. నడుస్తుంటే వెలుగుతుంది.

ఫిజిక్స్ చదివినదాన్ని, ఒక పద్ధతి ప్రకారం వెళ్దామనుకున్నాను. ఇంజన్ పక్కన ఒత్తిడిని కనిపెట్టే చిన్న స్విచ్చి ఉంటుంది. అది చెడి ఉండాలి. మార్పించాను. తాళం తిప్పితే వెలగలేదు, ఘాటు మీద వెలిగింది. అయితే వైరు ఎక్కడో ఒలిచిపోయి బండి ఇనుముకు తగులుతూ ఉండాలి. అలా తగిలినా ఆ దీపం వెలుగుతుంది. స్విచ్చి నుంచి డాష్‌బోర్డు దాకా పాత వైరు పీకించి కొత్తది వేయించాను. మళ్లీ అదే కథ.

బల్బు ఒక్కటే విప్పించలేదు. వెలుగుతున్న బల్బును ఎవరైనా ఎందుకు విప్పి చూస్తారు?

మళ్లీ షెడ్డుకు పోయేసరికి మొయిన్ భాయ్ నన్ను చూసి సగం తాగిన చాయ్ పక్కన పెట్టాడు.

"మేడం, బండి ఫస్ట్ క్లాస్ ఉన్నది. మీరు గా లైటు దిక్కు చూడకుండ్రి, రోడ్డు దిక్కు చూడుండ్రి."

"నీ పిల్లలకు జ్వరమొస్తే మా అక్క థర్మామీటర్ దిక్కు చూడకుండ్రి అంటే ఊకుంటవా మొయిన్ భాయ్?"

"పిల్లలకు జ్వరమొస్తె ఏడుస్తరు మేడం. ఇంజన్ ఏడుస్తలేదు, మీరే పరేషాన్ అయితున్నరు."

ఇంట్లో అక్కది ఇంకో పోరు. "ఏమే, ఆ బత్తితోని కొట్లాట ఎన్నిరోజులే? నడుస్తుంది గద బండి."

"ఆగేదాక నడుస్తది అక్కా. ఎక్కడ ఆగుతదో గదే నా ఫికర్."

ఎక్కడ ఆగుతుందో అని భయపడడానికి కారణం సోంబాయి. వాగు అవతలి గూడెం మనిషి. అంతకుముందు రెండు కాన్పుల్లోనూ బిడ్డ అడ్డం తిరిగి పోయింది. రెండోసారి ఆమె కూడా చావు అంచు దాకా పోయి వచ్చింది. ఈసారి నెలలు నిండకముందే ఆస్పత్రికి వచ్చి ఉండమని అక్క బతిమాలింది, తిట్టింది. అత్త ఒప్పుకోలేదు. చేలో పని చేసే చేతులు ఇంట్లో నాలుగే ఉన్నాయి.

"పత్తి ఇత్తనం పడంగనే తోలిస్త డాక్టరమ్మా. గాలోపు నొప్పులొస్తె జీపు రాదా ఏంది?" అని ముసలామె నా వైపు తిరిగింది.

"వస్తది" అన్నాను.

అనేశాను. అన్న తర్వాత ఇంటికి వస్తుంటే, వాగు దాటి ఒడ్డు ఎక్కుతున్న చోట, దీపం మళ్లీ వెలిగింది. నడుమ నీళ్లలో పట్టేసిన ఇంజను, వెనక సీట్లో నొప్పులు పడుతున్న మనిషి నా కళ్ల ముందుకొచ్చాయి. ఇక ఊరుకునేది లేదనుకున్నాను.

షెడ్డులో ఆయిల్ ఒత్తిడి కొలిచే ముల్లు మీటరు ఒకటుండేది. దానికి కరెంటుతో పనిలేదు. సన్నని రాగిగొట్టంతో నేరుగా ఇంజన్‌కే కలుపుతారు, ఆయిలే ముల్లును తోస్తుంది. అది బిగించి నాతో ఘాటు దాకా రమ్మని మొయిన్ భాయ్‌ని అడిగాను.

"వస్త. ఏం లేకుంటె మల్ల గా లైటు పేరెత్తద్దు" అన్నాడు మొయిన్ భాయ్.

"ఉంటే?"

"ఉంటె మీరేం జెప్తె గది."

ఆ రోజంతా ముసురు. సూర్యుడి ముఖం ఎవరూ చూడలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. మొయిన్ భాయ్ మీటరును ఒళ్లో పెట్టుకొని నా పక్కన కూర్చున్నాడు. ఘాటు సగం ఎక్కేదాకా ముల్లు కదల్లేదు. ఆయన నా వైపు చూసి మీసాల్లో నవ్వుతున్నాడు కూడా. ఉన్నట్టుండి ముల్లు జారడం మొదలుపెట్టింది. సున్నా దగ్గరికి వచ్చింది. ఎర్రదీపం వెలిగింది.

"యా అల్లా! ఆపుండ్రి మేడం, ఆపుండ్రి, ఇంజన్ బంద్ చెయ్యుండ్రి!"

ఆపాను. ఆయన మీటరు వైపు ఒకసారి, దీపం వైపు ఒకసారి చూశాడు. "లైటు సచ్చా ఉన్నది మేడం. నేనే జూటా" అన్నాడు. నెగ్గినందుకు నాకు సంతోషం వేయాలి, వేయలేదు. ఇన్నాళ్లూ దాని మాట సగమే నమ్ముతూ ఆ వాగును ఎన్నిసార్లు దాటానో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మెల్లగా, ఆగుతూ ఆగుతూ షెడ్డుకు తెచ్చి, ఇంజన్ కింద ఆయిల్ ఉండే చాంబర్ విప్పించాను. అందులో దొరికింది పత్తి.

నిజంగానే పత్తి. ఆదిలాబాద్ షెడ్డుల్లో గుడ్డపీలికలు కొనేవాడు తక్కువ. జిన్నింగ్ మిల్లు వెనక ఊడ్చిపోసిన పత్తి ఊరికే దొరుకుతుంది. చేతులు దానితోనే తుడుస్తారు, ఇంజన్ లోపలా దానితోనే తుడుస్తారు. ఎండాకాలంలో మా ఇంజన్ తుడిచినప్పుడు ఒక పిడికెడు లోపలే ఉండిపోయింది. ఆయిల్ పీల్చే గొట్టం మూతికి ఒక జాలీ ఉంటుంది. ఇంజన్ తిరుగుతుంటే పత్తిముద్ద కొట్టుకొచ్చి ఆ జాలీకి అంటుకుంటుంది, ఆయిల్ పైకి పోదు. ఇంజన్ ఆపగానే జారి కింద పడుతుంది. అందుకే ఆపినప్పుడల్లా అంతా బాగున్నట్టే కనిపించేది.

"అద్దం లెక్క తుడిచిన మేడం" అన్నాడు మొయిన్ భాయ్ నేల చూస్తూ.

"తుడిచినవు. దూది కడుపుల పెట్టి కుట్టేసినవు. మా అక్క గిట్ల చేస్తే జైల్ల ఏస్తరు."

కడిగించి, నా కళ్ల ముందే బిగించమన్నాను. ఆ రోజు షెడ్డులో ఎవరూ పత్తి ముట్టలేదు.

తర్వాత కొద్దిరోజులకే, పట్టపగలు, సోంబాయి మరిది తడిసి ముద్దై పరుగెత్తుకొచ్చాడు. నొప్పులు మొదలయ్యాయి. విత్తనం ఇంకా పడలేదు, పెద్దవాన ముందే పడింది. అక్కా, సుగుణా, నేనూ బయల్దేరాం. పోయేటప్పుడు వాగు చక్రాల సగానికి ఉంది. సోంబాయిని, ఆమె అత్తను ఎక్కించుకొని వచ్చేటప్పటికి నీళ్లు జీపులోకి వచ్చి మా పాదాలు తడిపాయి. నేను ఒక కన్ను నీటి మీద, ఒక కన్ను ఆ ఎర్ర అద్దం మీద పెట్టి నడిపాను. అది వెలగలేదు. ఇంజన్ ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. ఆ సాయంత్రం అక్క కడుపు కోసి బిడ్డను తీసింది. ఆడపిల్ల. ఏడుపు బయట జీపు దగ్గర నిలబడ్డ నాకు వినిపించింది.

ఇక్కడితో ఆగితే ఈ కథ రాయాల్సిన పనిలేదు.

నాకొక రోగం ఉంది. తొంభై తొమ్మిది సరిచేసి ఒకటి వదిలేయడం నా వల్ల కాదు. తాళం తిప్పినప్పుడు దీపం ఇంకా వెలగడం లేదు. "బండి మంచిగైంది గద, ఇంకేం కావాల్నే నీకు?" అంది అక్క. మందులకు ఆదిలాబాద్ పోయినప్పుడు మొయిన్ భాయ్‌తో డాష్‌బోర్డు పలక విప్పించాను.

విప్పి, లోపలికి చూసి, ఆయన పక్కకు జరిగాడు. నేనూ వంగి చూశాను.

ఎర్ర అద్దం వెనక బల్బు లేదు. బల్బు కూర్చునే గుంట నిండా కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు. ఎండి రాయిలా ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పెళ్లలు పెళ్లలుగా రాలి నా చీర మీద పడింది. ఆ మట్టి వెనక దివిటీ పెట్టినా అద్దం ఎర్రబడదు.

మొయిన్ భాయ్ పక్కనున్న టైరు మీద కూర్చున్నాడు. గుర్తు తెచ్చుకొని చెప్పాడు.

"మీ ఇంజన్ బిగించిన దినం ఒక లారీ డ్రైవర్ అర్జెంట్ అన్నడు మేడం. దుకాణంల బల్బు లేకుండె. మీది పీకి ఆయనకు పెట్టిన. కొత్తది తెచ్చి మీకు పెడ్దామనుకున్న, మర్శిపోయిన. అల్లా మీద కసం, మొత్తానికే మర్శిపోయిన."

అంటే, దీపం మొదటిసారి వెలగడానికి ముందే అందులో బల్బు లేదు.

తిట్టడానికి నోరు తెరిచాను. "మరి ఘాటు మీద నువ్వు చూసిందేంది?" అని మాత్రం అడిగాను.

"మీరు చూసిందే" అన్నాడు.

ఎండ పడి అద్దం మెరిసిందేమో అని మీరు అనే లోపే నేను అనుకున్నాను. ముసురులో ఎండెక్కడిది? పక్కనున్న ఇంకో దీపాన్ని చూసి పొరబడ్డామా? ఆ పలక మీద ఇంకొకటి ఉంది గానీ అది నీలం, స్టీరింగ్ అవతల. సుగుణకు ఏమీ చెప్పకుండా జీపులో కూర్చోబెట్టి, నీకు లైటు కనబడింది ఎక్కడో చూపించమన్నాను. తడుముకోకుండా ఆ ఎర్ర అద్దం మీదే వేలు పెట్టింది. ఎప్పుడూ వెనక కూర్చునే అక్క ఒక్కతే దాన్ని చూడలేదు. "మీ ముగ్గురికి కండ్లు పరీక్ష చేపియ్యాలె" అని తేల్చేసింది. సరే, కళ్లు మోసం చేశాయనే అనుకుందాం. మూడు జతల కళ్లు ఒకే చోట ఎందుకు మోసం చేయాలి? అందులో రెండు జతలు సరిగ్గా మీటరు ముల్లు పడినప్పుడే ఎందుకు?

పాపకు సూది వేయించడానికి వచ్చినప్పుడు సోంబాయి అత్తకు ఈ సంగతంతా చెప్పాను. ఏ గూడెం దేవుడి పేరో చెబుతుంది, అప్పుడు వాదించవచ్చు అనుకున్నాను. ముసలామె పిల్లను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"బత్తి ఎవలు ముట్టిచ్చిన్రో గాని, నువ్వైతె ఆగినవ్ గద బిడ్డా" అన్నది.

కొత్త బల్బు పెట్టించాను. తాళం తిప్పితే వెలుగుతుంది, ఇంజన్ స్టార్ట్ కాగానే ఆరిపోతుంది. పుస్తకంలో ఎలా ఉండాలో అలాగే ఉంది. ఘాటు మీద మళ్లీ ఎన్నడూ రాలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఒంటరిగా నడుపుతున్నప్పుడు, మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ నాతో నేనే వాదించుకుంటాను. స్విచ్చి కాదు, వైరు కాదు, ఎండ కాదు. ప్రతిసారీ ఆ మట్టిగూడు దగ్గరికి వచ్చి ఆగిపోతాను.