గోర్నల్ బస్సు పన్నెండు నిమిషాలు ఆలస్యం

క్లైవ్ రేబౌల్డ్ ఇరవై రెండేళ్ళుగా క్రేడ్లీ హీత్ నుంచి గోర్నల్‌కు బస్సు నడుపుతున్నాడు. నెదర్టన్, డడ్లీ మీదుగా వెళ్ళే ఆ దారిలో ఏ గుంత ఎక్కడుందో అతని నడుముకు తెలుసు. ఒక్క నిమిషం ఆలస్యం ఎరగడు. ఆ సంగతి అడక్కపోయినా చెబుతాడు, అదొక జబ్బు.

పంతంలోనూ అంతే. అన్న విల్ఫ్‌తో పంతొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.

తల్లిని సాగనంపే రోజున విల్ఫ్ వేళకు రాలేదు. ఇనుప కార్ఖానాలో కొలిమి దగ్గర పనిలో ఉన్నాడు. కరిగిన ఇనుము అచ్చుల్లో పోస్తుండగా వదిలేసి రావడం ఎవరి తరం? క్లైవ్ ఆగలేక శవం కారు కదిలించమన్నాడు. నెదర్టన్ కొండమీది చర్చికి సగం దూరం ఎక్కాక వెనక్కి చూస్తే, మసి బట్టలతో విల్ఫ్ చెయ్యి ఊపుతూ పరుగెత్తుకొస్తున్నాడు.

"ఆపమంటారా?" అని డ్రైవరు అడిగాడు.

"అక్కర్లేదు, పోనివ్వండి. టైమంటే టైమే" అన్నాడు ఈ మహానుభావుడు.

విల్ఫ్ వచ్చేసరికి గొయ్యి పూడ్చేశారు. ఆనాటి నుంచి తమ్ముడు ఎదురుపడితే రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయేవాడు. తప్పు తనదేనని క్లైవ్‌కు తెలుసు. ఆ ఒక్క మాట అంటే సొమ్మేం పోతుంది? అనలేదు. మొన్న శుక్రవారం విల్ఫ్ పోయాడు.

అంత్యక్రియలు మంగళవారం. ఆ పొద్దున భార్య ఐరిస్ నల్లటోపీ పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"రావా?"

"డ్యూటీ."

"అడిగితే మీ ఇన్‌స్పెక్టరు సిరిల్ మార్చడా?"

"అడగలేదు."

"రాయిగా పుట్టాల్సినవాడివి, మనిషివై పుట్టావు!" అని విసురుగా వెళ్ళిపోయింది.

క్లైవ్ టీ తాగాడు. అది వేడిగా ఉందో చల్లారిందో తెలియలేదు. శుక్రవారం నుంచీ అంతే. ఏడుపు రాదు, కోపం రాదు. గడ్డం గీసుకున్నాడు, బూట్లు తుడుచుకున్నాడు, డిపోకి వెళ్ళాడు.

పదీ నలభైకి నెదర్టన్ దాటుతుండగా పక్కవీధిలోంచి శవం కారు వచ్చి సరిగ్గా బస్సు ముందు చేరింది. పెట్టె మీద తెల్లపూలతో అల్లిన పావురం. విల్ఫ్‌కి పావురాల పిచ్చి. వెనక బంధువుల కారు, దాని అద్దంలో ఐరిస్ టోపీ.

సైకిలు కూడా దాటిపోయేంత నెమ్మదిగా నడిచాయి ఆ కార్లు. డడ్లీ ఎత్తులో రోడ్డు వెడల్పైంది. అక్కడ బస్సులవాళ్ళు మెల్లగా దాటేస్తారు, ఎవరూ తప్పుపట్టరు. రెండో కారు డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి దాటమన్నాడు. క్లైవ్ దాటలేదు.

"ఏం నాయనా, ఇంజను గాని పోయిందా?" అంది ముందు సీట్లో సంచీ పట్టుకుని కూర్చున్న బెరిల్ టిబెట్స్. "ఆయన చెయ్యి ఊపేది నీకే!"

"చూశాను."

"చూస్తే తోలవయ్యా! అవతల మా ఆయన బఠానీలు మాడబెడుతుంటాడు."

"టైము తప్పని క్లైవ్ అంటారే, ఈయనేనా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. బస్సంతా నవ్వింది.

క్లైవ్‌కు స్టీరింగ్ మీద ఉన్న చేతులు తనవని అనిపించలేదు. డడ్లీ కోట కింద బజారులో ఒక ముసలాయన గౌరవంగా టోపీ తీసి నిలబడ్డాడు. శవం కారు వెళ్ళింది, వెనక కారూ వెళ్ళింది. బస్సు కూడా ఆ ఊరేగింపులోదే అనుకున్నాడో ఏమో, అది దాటేదాకా ఆయన టోపీ పెట్టుకోలేదు.

గోర్నల్‌లో దహనశాల దారి ఎడమకు తిరుగుతుంది, బస్సు దారి నేరుగా పోతుంది. మలుపులో ఐరిస్ వెనక్కి తిరిగి చూసింది. బస్సు నడుపుతున్నది ఎవరో గుర్తుపట్టింది. క్లైవ్ చెయ్యి ఎత్తాడు. కారు ఆగలేదు. ఎందుకాగుతుంది?

బస్సులో ఇరవైముగ్గురు ఉన్నారు. గేరు మార్చి ముందుకు పోనిచ్చాడు.

చివరి స్టాపులో ఇన్‌స్పెక్టరు సిరిల్ హోమర్ గడియారం పట్టుకుని ఉన్నాడు.

"పన్నెండు నిమిషాలా! నువ్వా? ఆలస్యాల పుస్తకంలో కారణం రాయాలి. బండి చెడిందా?"

"లేదు. ముందు శవం కారు పోతోంది."

"దాటి రావాల్సిందయ్యా, ఇన్నేళ్ళ సర్వీసు! ఎవరిదేంటి, మేయరుదా?"

"మా అన్నది."

సిరిల్ పెన్సిలు ఆగిపోయింది. ఇద్దరూ పద్దెనిమిదేళ్ళుగా ఒకే బల్ల దగ్గర టీ తాగుతున్నారు.

"నీకు అన్న ఉన్నాడా?"

క్లైవ్ తల ఊపాడు.

"అయ్యో, ముందే చెప్పొద్దూ! దిగు, బండి నేను తీసుకెళ్తా. దహనశాల ఇక్కడికెంత దూరం, పరుగెత్తితే అందుకుంటావు."

"మా అన్న కూడా పరుగెత్తాడు" అన్నాడు క్లైవ్. "నేనే కారు ఆపనివ్వలేదు."

సిరిల్‌కు ఏమీ అర్థం కాలేదు. ఏం రాయాలో తెలియక పుస్తకంలో కారణం గడి ఖాళీగా వదిలేశాడు. క్లైవ్ గడియారం చూసుకుని, ముందు బోర్డు క్రేడ్లీ హీత్‌కు తిప్పి, తలుపు తెరిచాడు.