చైనా నుంచి తెచ్చిన పొడి

చైనాలో ఉన్నప్పుడు ఒక పెద్దావిడ నన్నొక ప్రశ్న అడిగింది. మీ ఊరి వైపు మనుషులకు కిడ్నీ జబ్బులేమైనా ఉన్నాయా అని. లేవన్నాను. ఉద్దానంలో పుట్టి, కవిటి కొబ్బరితోటల మధ్య వీధివీధినా ఆ జబ్బుతో మనుషులు ఎండిపోవడం చూస్తూ పెరిగినవాణ్ణి నేను. పలాసలో టీకొట్టు దగ్గర చైనా కబుర్లు అడిగినవాళ్లకు అడిగినన్ని చెప్పాను గానీ, ఈ ఒక్క మాట ఎవరికీ చెప్పలేదు.

నేను జీడిపప్పు ఫ్యాక్టరీల్లో మెకానిక్‌ని. గింజ పగలగొట్టే యంత్రాలు చైనా నుంచి పలాసకు రావడం మొదలయ్యాక, వాటిని తయారుచేసే కంపెనీ నన్ను అక్కడికి పిలిపించుకుంది. మన దేశం నుంచి వచ్చే షావుకార్లకు యంత్రం నడిపి చూపించడం నా పని. దక్షిణాన ఒక ఫ్యాక్టరీ పట్నంలో పాత అపార్ట్‌మెంటులో గది ఇచ్చారు. పరాయి దేశంవాడు ఎక్కడ కాపురం పెట్టినా పోలీసు స్టేషనుకు వెళ్లి పేరు రాయించుకోవాలి. ఆ రోజు నుంచి నేనెవరో ఆ వీధి మొత్తానికి తెలిసిపోయింది.

వాళ్లు చెడ్డవాళ్లు కాదు. కానీ చూసిన ప్రతివాడూ ఫోను తీసి ఏదో వీడియో చూపించేవాడు. మీ దగ్గర రైలు మీద ఎక్కి కూర్చుంటారట గదా, నదిలో శవం పక్కనే నీళ్లు తాగుతారట గదా అనేవాడు. మొదట్లో ఓపిగ్గా జవాబు చెప్పేవాణ్ణి. తర్వాత నా ఊరిని నేనే కొత్తగా కల్పించుకున్నాను. సముద్రపు గాలి, కొబ్బరి తోటలు, తియ్యటి బావి నీళ్లు. అందులో జబ్బులకు చోటు లేదు.

కింది అంతస్తులో ఆ పెద్దావిడ ఉండేది. అక్కడ ఆ వయసు ఆడవాళ్లను ‘ఆయీ’ అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. పడుచువయసులో ఆవిడ పల్లెటూరి వైద్యురాలు. ఆ రోజుల్లో ప్రభుత్వం పల్లె పిల్లలను ఏరి, కొన్ని నెలలు నేర్పించి, చేతికొక మందుల పెట్టె ఇచ్చి పంపేదట. చెప్పులు లేని వైద్యులని వాళ్లకు పేరు. పొద్దున పొలంలో నాట్లు వేసి, సాయంత్రం సూదులు పొడిచి, కొండమీద వేళ్లు తవ్వి మందు నూరేవారు. ఆ సంగతులు చెప్పేటప్పుడు ఆవిడ నడుము నిటారుగా అయ్యేది.

మొదటి చలికాలం నాకు నడుము పట్టేస్తే నాలుక చూసి, నాడి పట్టుకుని ఏదో తీగ వేరు నూరిన పొడి ఇచ్చింది. వారం తిరక్కుండా లేచి తిరిగాను. ఆ మాట ఫోనులో ఇంటికి చెప్పాను. చెప్పకపోయినా బాగుండేది.

మా అప్పను, అంటే అక్కను, కవిటి దగ్గర ఊళ్లో ఇచ్చారు. బావ కొబ్బరి రైతు. కూలివాళ్లు దొరకనప్పుడు తనే చెట్టెక్కుతాడు. మోకాళ్లు అరిగిపోయాయి.

“ఏరా బామ్మర్దీ, నీ నడుముకిచ్చిన మందు నా మోకాలికి పన్జెయ్యదేటి? ఆ సైనోళ్లు అంత పొడుగు గోడ కట్టినారు గదా, ఆళ్లకి మోకాళ్లు నొప్పెట్టవేటి?” అన్నాడు.

ఆయిని అడిగాను. మనిషిని చూడకుండా మందు ఇవ్వనంది. బతిమాలాను. అపార్ట్‌మెంటు ముందు బల్ల దగ్గర ముసలివాళ్లు చదరంగం ఆడుతున్నారు. వాళ్ల ముందే ఆవిడ వివరాలన్నీ అడిగింది. ఏం తింటాడు, నిద్ర పడుతుందా, మూత్రం సాఫీగా వస్తుందా. చివరికి ఆ ప్రశ్న. ఆడుతున్నవాళ్లు తలెత్తి నా వైపు చూశారు.

“లేవు ఆయీ. మా నీళ్లు చాలా మంచివి,” అన్నాను.

“అయితే ఇస్తాను. నెల వాడి ఆపెయ్యాలి. మర్చిపోకు.”

నెల అని బావకు చెప్పాను. కానీ మోకాళ్లు తేలికపడ్డాక ఆయన ఆపుతాడా? నేను సెలవుకు వచ్చినప్పుడల్లా ఇంకా కావాలన్నాడు. ఆయిని అడిగితే తిడుతుందని, బజారులో అదే వేరు పొడి కొట్టించి తెచ్చేవాణ్ణి. ఏళ్ల తరబడి తెచ్చాను. బావ మళ్లీ చెట్లెక్కుతున్నాడని, బామ్మర్ది మందు తెచ్చాడని ఊళ్లో చెప్పుకుంటే నాకు గర్వంగా ఉండేది.

ఒక రోజు పని నుంచి వచ్చేసరికి ఆయి మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో ఫోను. ఆ జాతి తీగల వేళ్లు కిడ్నీలను తినేస్తాయని, కొన్నింటిని అమ్మడం ఎప్పుడో మాన్పించారని అందులో వార్త. ఆవిడ గొంతు పూర్తిగా తగ్గిపోయింది.

“మా ఊళ్లో ఎంతమందికి ఇచ్చానో. వాళ్లు దేనివల్ల పోయారో అప్పుడు ఎవరు చూశారు?” అంది. నా వైపు తిరిగింది. “మీ బావ బాగున్నాడా?”

బావ పాదాలు పొంగాయని అంతకు ముందే అప్ప ఫోను చేసి ఉంది. “బాగున్నాడు ఆయీ,” అని మెట్లెక్కి నా గదికి వెళ్లిపోయాను.

ఈసారి పొడి లేకుండానే చైనా వదిలి పలాస వచ్చేశాను. అప్పటికి బావకు డయాలసిస్ మొదలైంది. పలాస కేంద్రానికి ఆటోలో తీసుకువచ్చి, ఆ సూది గుచ్చిన చేయి కదలకుండా పక్కన కూర్చునేవాణ్ణి. అందరూ మంచి బామ్మర్ది అనేవారు.

మా వైపు పెళ్లిలో కలిసినా, సంతలో కలిసినా “నీ కిరటిన్ ఎంతున్నాది?” అని అడుగుతారు. రక్తంలో ఆ క్రియాటినిన్ పెరిగిందంటే కిడ్నీలు మొరాయిస్తున్నట్టు. ఎంత అని అడుగుతారు గానీ ఎందుకు వచ్చిందని ఎవరూ అడగరు. ఉద్దానం కాబట్టి వచ్చింది. నీళ్లు పరీక్షకు పట్టుకెళ్లడానికి పట్నం నుంచి సీసాలతో వచ్చేవాళ్లకు బావ తన బావి చూపించి, “ఇదేనండి, ఈ నీరేనండి నన్ను తినేసినాది,” అనేవాడు. నేను పక్కనే ఉండి నీళ్లు తోడి పోసేవాణ్ణి. ఏ ఊళ్లో జబ్బు లేదని చెప్పానో, ఆ ఊరి జబ్బు చాటునే దాక్కున్నాను.

ఈ ఎండాకాలం ఒక మధ్యాహ్నం అప్ప ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. ఆవిడ పప్పు వడ్డించి, గూట్లోంచి హార్లిక్స్ సీసా తీసి, చెంచాడు పొడి వేడినీళ్లలో కలుపుకుంది. ఆ చేదు వాసన నాకు తెలుసు.

“అదేటప్పా?”

“మీ బావకి తెచ్చినావు గదరా. ఆయనిప్పుడు తాగలేడు, ఒలకబోత్తామేటి? నాకూ మోకాళ్లు సలుపుతున్నాయి.”

“పాతదైపోనాది. పారెయ్.”

“పాతదైతే కొత్తది తెప్పించు. నీకా సైనోళ్లు బాగా తెలుసు గదా,” అని నవ్వి గ్లాసు ఎత్తింది.

గ్లాసు లాక్కుని పెరట్లో పారబోశాను. పిచ్చిగాని పట్టిందేటిరా అని తిట్టింది. మర్నాడు టెక్కలి తీసుకెళ్లి రక్తం తీయించాను. కాగితం చూసి డాక్టరు అంకె కొంచెం పైకే ఉందన్నాడు. నొప్పి బిళ్లలు గానీ నాటుమందులు గానీ వాడుతున్నారా అని అడిగాడు.

“ఏటీ నేదు బాబూ,” అంది అప్ప.

తమ్ముడి మాట పోకుండా చూసుకుంటోందని నాకు అర్థమైంది. నాటుమందంటే డాక్టర్లు కేకలేస్తారని మా వాళ్లంతా అలాగే దాస్తారు. బావ కూడా అప్పట్లో ఇదే కుర్చీలో కూర్చుని ఇదే జవాబు చెప్పి ఉంటాడు. ఎండ తాకిన కిటికీ అద్దం మీద ఈగ ఒకటి తిరుగుతోంది. నేను నోరు విప్పకపోతే ఆ గది మామూలుగానే ఉంటుంది. అప్ప ఇంటికి వెళ్లి మళ్లీ ఆ సీసా తీస్తుంది.

“వాడుతోందండి,” అన్నాను. “నేనే తెచ్చాను.”

వేరు సంగతి చెప్పాను. డాక్టరు రాయడం ఆపాడు. వెంటనే మానెయ్యమన్నాడు. బావ కిడ్నీలు దానివల్లే పోయాయా అని అడిగితే, ఇప్పుడు ఎవరూ తేల్చలేరన్నాడు. అప్పవి నిలబడతాయా అంటే, మళ్లీ పరీక్ష చేసి చూద్దామన్నాడు.

టెక్కలిలో కవిటి బస్సెక్కాం. కంచిలి దాటాక అప్ప కిటికీ మూసుకుని కొంగు మొహాన కప్పుకుంది.

బావ నులకమంచం మీద ఉన్నాడు. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. చదరంగం బల్ల దగ్గర నేనన్న మాట, నెలకే ఆపమన్న హెచ్చరిక, బజారు పొడి, మెట్ల మీద ఆయి, ఇన్నేళ్లూ నేను తోడి పోసిన బావి నీళ్లు. ఆయన కప్పు వైపు చూస్తూ విన్నాడు.

“ఓస్, కవిటి అంతటికీ నువ్వే ఇచ్చినావేటిరా మందు?” అన్నాడు చివరికి. “మా నాన్న సైనా మొహం సూసినాడా? ఆయనా ఇలాగే పోనాడు. నీరేరా, నీరే.”

నాకు తప్పించుకునే దారి ఆయనే చూపిస్తున్నాడు. నీళ్లే అని నేను తలూపితే ఇద్దరికీ సుఖం. గడపలో అప్ప కాగితం పట్టుకుని నిలబడి ఉంది. ఆయన దాని సంగతి అడగలేదు, అడగడానికి భయపడుతున్నాడు.

“నీరో కాదో నాకు తెల్దు బావా,” అన్నాను. “కిడ్నీ జబ్బులున్నాయా అని అడిగితే, సిగ్గుపడి నేవన్నాను. అది నీరు సెయ్యనేదు, నేను సేసినాను. తెలిసినాక కూడా సెప్పకుండా నీ పక్కన కూకున్నాను. అప్ప తాగతాదని ఊహించనేదు. తప్పు నాది. నీకూ, అప్పకీ అన్యాయం సేసినాను. నన్ను సెమించండి.”