మంత్రసానికి మొదటి బహుమతి

నేను దెయ్యాలను నమ్మను. ఈ మాట నా నోటి నుంచి వస్తే తెలిసినవాళ్లు నవ్వుతారు, ఎందుకంటే పొద్దున లేస్తే నేను రాసేది వాటి గురించే. ఇప్పటిదాకా అచ్చయిన నా రెండు నవలల్లో పిశాచాలున్నాయి, మాట్లాడే తోడేళ్లున్నాయి, శాపం తగిలిన కోటలున్నాయి. వాటిలో ఒక్కటి కూడా నాకు బయట ఎక్కడా ఎదురుపడలేదు. శ్మశానం పక్క నుంచి స్కూటర్ మీద పోతూ కూడా బిందెల స్టాక్ గురించి ఆలోచించే రకం నేను.

బిందెలు ఎందుకంటే, హన్మకొండలో మాకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. నాన్న పోయాక నేనే చూసుకుంటున్నాను. గల్లా పక్కన లాప్‌టాప్ పెట్టుకుని రాస్తాను. సరిగ్గా నా రాకుమారుడు అగ్నిలోయలోకి దిగే సమయానికి ఎవరో ఒకరు వచ్చి, ఈ కుక్కర్‌లో ఇడ్లీ రేకులు ఎన్ని పడతాయని అడుగుతారు. చెప్పి మళ్లీ లోయలోకి దిగుతాను. ఆ లోయలో రాళ్లన్నీ గుంటలు గుంటలుగా ఎందుకున్నాయని ఒక పాఠకుడు అడిగాడు. ఇందుకే ఉన్నాయి.

అమ్మకు నా రాతల మీద పెద్ద గౌరవం లేదు. "దయ్యాల కథలు రాసెటోనికి పిల్లనెవలిస్తరు?" అనేది ఆమె ఏకైక సమీక్ష. పిల్లను ఇంకా ఎవరూ ఇవ్వలేదు కాబట్టి ఆ సమీక్ష తప్పని అనలేను.

ఇక అసలు సంగతికి రావాలంటే నేను చేసిన ఒక పొరపాటు ముందు చెప్పాలి. నా నవలల్లో నాయిక పేరు మంత్రసాని. నల్లటి పొడవాటి అంగీ, చేతిలో వెండి కర్ర, కళ్లలో నీలిమంట. మంత్రాలు వచ్చిన స్త్రీ కాబట్టి మంత్రసాని అని నేనే పెట్టాను. ఎంత గంభీరమైన పేరు దొరికిందా అని మురిసిపోయాను కూడా.

మొదటి నవల అచ్చయ్యి ఇంటికి వచ్చిన రోజు మా చెల్లె స్వరూప అట్ట మీదున్న 'మంత్రసాని' అనే పేరు అమ్మకు చదివి వినిపించింది. అమ్మ ముఖం వెలిగిపోయింది. "మంచిపని జేసినవ్ కొడుకా. పాపం, వాళ్ల గురించి ఎవ్వలు రాయలే" అంది. ఎవరి గురించి అన్నాను. "పురుళ్లు పోసెటోళ్ల గురించి" అంది.

నిఘంటువు తీసి చూశాను. అమ్మ చెప్పిందే రైటు. ఏటూరునాగారం పోయే దారిలో ఉంటుంది మా ఊరు. నేనూ స్వరూపా అక్కడే, ఇంట్లోనే పుట్టాం. మాకు పురుడు పోసిన ఆమెను ఊరంతా కొంరవ్వ అని పేరు పెట్టి పిలిచేది. ఆమె చేసే పనికి ఇంకో పేరుందని నా చెవిన ఎప్పుడూ పడలేదు. చిన్నప్పుడే హాస్టల్‌లో పడ్డవాణ్ణి, నాకు తెలుగు వచ్చింది ఎక్కువగా పుస్తకాల నుంచే. ఆ పుస్తకాల్లో కాన్పులు జరగవు.

అప్పటికే పుస్తకాలు షాపులకు వెళ్లిపోయాయి. అదృష్టం కొద్దీ నా పాఠకులంతా నా బాపతే, ఒక్కరికీ అర్థం తెలియదు. తెలిసినవాళ్లు మాత్రం పుస్తకం చదవకుండా పేరు చూసి మురిసిపోయారు. ఒకసారి ఆరోగ్య కార్యకర్తల సభకు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. వెళ్లాను. స్త్రీ శక్తి గురించి చాలాసేపు మాట్లాడి, శాలువా కప్పించుకుని, ఎవరూ ప్రశ్నలు అడగకముందే బయటపడ్డాను.

పోయిన ఏడాది మడికొండ ఐటీ ఆఫీసుల్లో పనిచేసే కొందరు కలిసి హన్మకొండలో ఒక కాలేజీ ఆడిటోరియం తీసుకుని ఫాంటసీ మేళా పెట్టారు. దాన్ని ముందుండి నడిపింది రజిత అనే అమ్మాయి. నా నవలలు నాకంటే ఆమెకే ఎక్కువ గుర్తు. ఆదివారం మధ్యాహ్నం మంత్రసాని వేషాల పోటీ అని, దానికి నేనే జడ్జినని చెప్పింది. నాకు లోపల ఎంత గర్వంగా ఉందో దాచుకోవడం కష్టమైంది.

స్వరూప అప్పుడు కాన్పు కోసం మా ఇంటికి వచ్చి ఉంది. బావ ఏటూరునాగారంలో టీచరు. ఆమెకు ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి నెలలు నిండుతున్నకొద్దీ అమ్మ ఆమెను గడప దాటనివ్వడం మానేసింది. డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా చాలా రోజులున్నాయి. నా ప్రతి పేజీ మొదట చదివేది స్వరూపే. "నేను లేకుంట నీ మంత్రసానికి మార్కులెట్లేస్తవన్నా" అని వెంటపడింది. ఒక్క గంటలో తీసుకొస్తానని అమ్మ దగ్గర మాటిచ్చాను. "దానికేమన్నయితే నీ మొకం జూడ" అంది అమ్మ. ఊరికే అనే మనిషి కాదు.

ఆడిటోరియంలో స్వరూపను ముందు వరుసలో ఫ్యాను కింద కూర్చోబెట్టాను. పోటీ మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు మంత్రసానులు వచ్చారు. అందరికీ నల్ల అంగీలే, అందరి చేతుల్లో వెండి కాగితం చుట్టిన నీళ్ల పైపులే. తోడుగా పిశాచం వేషంలో ఒక ఆరడుగుల సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, కొమ్ములు గుమ్మాలకు తగలకుండా వంగి నడుస్తూ తిరుగుతున్నాడు.

చివర్లో ఒక పెద్దామె వచ్చింది. ముతక చీర మోకాళ్ల కిందికి గోచి పెట్టి కట్టింది. చేతులకు వెండి కడియాలు, నడుముకు గుడ్డసంచి. దగ్గరికి రాగానే పొగాకు వాసన గుప్పుమంది. ఏ నాటకాల బృందం నుంచో వచ్చి ఉంటుంది, పాపం పోటీ దేని గురించో ఎవరూ సరిగ్గా చెప్పలేదు అనుకున్నాను.

జడ్జిని కదా, మర్యాదగానే చెప్పాను. "అమ్మా, వేషం మంచిగుంది గానీ, మంత్రసాని ఇట్ల ఉండదు."

ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "ఎట్లుంటదో నువ్వు జూసినవా?" అంది.

హాలంతా ఘొల్లున నవ్వింది. రజిత మైకులో, క్యారెక్టర్‌లోంచి బయటికే రావట్లేదు సూపర్ అని మెచ్చుకుంది. ఆ పెద్దామె ఇదేదీ పట్టించుకోకుండా స్టేజీ మెట్లు దిగి, నేరుగా స్వరూప దగ్గరికి పోయి పొట్ట మీద చెయ్యి వేసింది.

"లే బిడ్డా, ఇంకెంతసేపు గూసుంటవ్" అంది. స్వరూప లేచి నిలబడింది. నిలబడుతూనే ఉమ్మనీరు పోయింది.

తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. రజిత అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. రోడ్డు మీద ఊరేగింపు పోతోంది, ఆలస్యమవుతుందన్నారు. నా కారుకు అడ్డంగా ఇంకో రెండు కార్లున్నాయి. నేను వాటి ఓనర్ల కోసం అరుస్తూ తిరుగుతుంటే పెద్దామె, "దవాఖాన దాకా ఆగదు" అని ఒక్క మాట చెప్పి స్వరూపను స్టేజీ వెనక గదిలోకి నడిపించుకుపోయింది.

ఆ గదికి తలుపు లేదు. నలుగురు మంత్రసానులు అంగీలు విప్పి తెరలాగా పట్టుకుని, వీపులు అటు తిప్పి నిలబడ్డారు. రజిత లోపల స్వరూప చెయ్యి పట్టుకుంది. వేడినీళ్లు కావాలంటే పిశాచం రోడ్డు మీదికి ఉరికింది. టీ కొట్టతను ఆ కొమ్ములు చూసి కిటిలీతో సహా ఇచ్చేశాడట.

"ఎదురుకాళ్లోడా, గా జంపఖానా అంచుకెల్లి దారం దీసి గా ఉడుకునీళ్లల్ల ఎయ్యి" అని లోపలి నుంచి వినపడింది. స్టేజీ మీద పరిచిన జంపఖానా అంచు నుంచి దారం పీకాను. ఒక్క పోగు కోసం లాగితే అంచంతా ఊడొచ్చింది. మేకప్ అమ్మాయి కొత్త బ్లేడు విప్పి ఇచ్చింది.

కాసేపటికి పుట్టిందని లోపలి నుంచి రజిత కేక వేసింది, కానీ ఏడుపు రాలేదు. ఆ కాస్త సేపట్లో నేను పడ్డ భయం ఇంకెప్పుడూ పడలేదు. అమ్మకు ఏం చెప్పాలి, బావకు ఏం చెప్పాలి, అసలు స్వరూప ముఖం ఎట్లా చూడాలి. తెలిసిన దేవుళ్లందరినీ మొక్కాను. అందులో నేను కల్పించిన దేవతలు కూడా ఉన్నారని తర్వాత గుర్తొచ్చి సిగ్గేసింది.

అప్పుడు పెద్దామె ఒక తిట్టు తిట్టింది. పసిబిడ్డను అలా తిట్టొచ్చని నాకు తెలియదు, ఇక్కడ రాయలేను. ఆ తిట్టు పూర్తి కాకముందే పాప ఏడ్చింది.

పిశాచం గోడకు ఆనుకుని భోరుమంది. నేనూ దాని భుజం మీద తల పెట్టి ఏడ్చాను. అంతలో అంబులెన్స్ వచ్చింది.

దవాఖానలో డాక్టరమ్మ, బొడ్డుపేగు బిడ్డ మెడకు బిగుసుకుని ఉండిందని, ఆ పని తెలిసిన చెయ్యి కాకపోతే బతికేది కాదని చెప్పింది. ఎవరు చేశారని అడిగింది. మంత్రసాని అన్నాను. పక్కనున్న నర్సు నన్ను గుర్తుపట్టి, "మేడమ్, మా మీటింగ్‌కొచ్చిన సారు గదా. కాన్పుల మీద పుస్తకాలు రాసిండు" అంది. డాక్టరమ్మ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకునే ధైర్యం లేకపోయింది.

సాయంత్రం రజిత ఫోన్ చేసింది. అందరూ ఏకగ్రీవంగా మొదటి బహుమతి ఆ పెద్దామెకే ఇచ్చారట. మైకులో ఎంత పిలిచినా రాలేదు. ఎటు పోయిందో వాచ్‌మన్ చూడలేదు. పేరు ఎవరూ అడగలేదు. ఫోటోలు మాత్రం వందల కొద్దీ ఉన్నాయి, నేను కూడా కూర్చుని చూశాను. ఆమె ఉండాల్సిన చోట ప్రతిదాంట్లో ఎవరిదో భుజమో, అంగీ కొసో, పిశాచం కొమ్మో అడ్డం ఉంది. ఒక వీడియోలో, మంత్రసాని ఇట్ల ఉండదు అన్న నా గొంతు స్పష్టంగా వినపడుతుంది. తర్వాత కాస్త ఖాళీ. తర్వాత హాలంతా నవ్వు.

ఆ రాత్రి మంచం మీద పడుకున్నాక గానీ "ఎదురుకాళ్లోడా" అన్న పిలుపు నా బుర్రకు ఎక్కలేదు. నేను పుట్టినప్పుడు కాళ్లు ముందొచ్చాయి. అట్లా పుట్టినవాళ్లు తొక్కితే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. చిన్నప్పుడు ఊళ్లో సగం నడుములు నేనే తొక్కాను. హన్మకొండకు వచ్చాక ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. జడ్జిగా పిలిచే మనిషి గురించి జనం తెలుసుకోవాల్సిన విషయం కాదది.

మర్నాడు అమ్మకు అంతా చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది, ఏమని తిట్టింది అని. అమ్మ ముందు ఆ మాట అనడానికి నేను చాలాసేపు నసిగాను. చివరికి అన్నాను. అమ్మ నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నువ్వు గూడ ఏడ్వకుంటె గదే తిట్టింది కొంరవ్వ" అంది.

కొంరవ్వ స్వరూప బడికి పోక ముందే చనిపోయింది. అమ్మ అన్న మాట బావకు చెబితే, పక్క బస్తీ ఆమె ఎవరో అయి ఉంటుంది, పల్లెల్లో ఆ తిట్టు అందరూ తిడతారు అన్నాడు. నిజం చెప్పాలంటే నా అభిప్రాయమూ అదే. చుట్టుపక్కల బస్తీలన్నీ తిరిగాను, ఊరికి ఆ కొసనున్న కాశిబుగ్గ దాకా పోయి అడిగాను. అలాంటి మనిషి తమకు తెలుసన్నవాళ్లు దొరకలేదు. మేళా జనంలో కొందరైతే మూడో నవల అమ్ముకోవడానికి నేనే ఆమెను మాట్లాడుకున్నానని ఇప్పటికీ అంటారు. ఫాంటసీ రాసేవాడికి నిజంగా ఏదైనా జరిగితే చెప్పుకునే దిక్కుండదు.

పాపను ఉయ్యాలలో వేసే తొట్టెల ఫంక్షన్‌కు అమ్మ కొత్త చీర ఒకటి వేరేగా కొన్నది. పురుడు పోసిన ఆమెకు ఆ రోజు చీర పెట్టడం మా రివాజు. ఫంక్షన్ హాల్లో తొట్టెల పక్కన ఒక కుర్చీ వేసి, చీర, పసుపు కుంకుమ పెట్టింది. రజిత మొదటి బహుమతి కప్పు తెచ్చి, ఇది కూడా ఆమెదే కదా అని దాని పక్కన పెట్టింది. పిశాచం వేసిన ఇంజనీరు పాపకు గిలక తెచ్చాడు. కొమ్ములు లేకపోతే గుర్తుపట్టలేకపోయాను.

భోజనాలయ్యాక చూస్తే కుర్చీలో చీర లేదు. కప్పు ఉంది.

ఫంక్షన్ కదా, చీర ఎవరైనా తీసుకుని ఉంటారు. కానీ కప్పు ఎత్తి చూస్తే లోపల అడుగున తెల్లగా కాస్త తడి ఉంది. వాసన చూశాను. కల్లు. ఆ హాల్లోకి కల్లు తేవద్దని రూలు ఉంది, మేం ఎవరమూ తేలేదు. అమ్మ తల కొట్టుకుంది. "చీర యాదికున్నది గానీ కల్లు బొయ్యాలెనని మర్షిన. ఆమెనే తెచ్చుకున్నది" అని, అతిథికి మర్యాద తక్కువైనట్టు ఆ రోజంతా బాధపడింది.

నేను మాత్రం దెయ్యాలను ఇప్పటికీ నమ్మను. పాపకు ఇప్పుడు నడక వస్తోంది. దుకాణానికి తీసుకొస్తే ఇడ్లీ రేకులు ఒకదానికొకటి కొట్టి గొడవ చేస్తుంది. కప్పు గల్లా వెనక అరలో ఉంది, ఎవరైనా కొంటామన్నా అమ్మను.

మూడో నవల ఈమధ్యే వచ్చింది. అందులో మంత్రసాని నల్ల అంగీ, వెండి కర్ర తీసేశాను. ముతక చీర కట్టించి, నడుముకు సంచి వేలాడదీశాను, చేతులకు కడియాలు తొడిగాను. పాఠకులు చాలామంది అలిగారు. ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు లేచి, సార్, మంత్రసాని ఇట్ల ఉండదు అంటున్నారు.

ఎట్లుంటదో మీరు చూసిన్రా అని అడుగుతున్నాను.