అక్క కడిగిన వీరుడు

ఈ ఉదయం అద్దాల బీరువా తెరిచి చూద్దును కదా, బొటనవేలంత వీరుడి భుజాల మీద సన్నగా దుమ్ము. తలుపు సరిగ్గా పడదు, ఎప్పుడు చేరిందో! గుడ్డ చేతిలోకి తీసుకున్నాను గానీ, ఈ బొమ్మ దగ్గర గుడ్డ కనిపిస్తేనే నాకు గుండె ఝల్లుమంటుంది. దానికి కారణం మా అక్క.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మా బాపట్ల ఇంట్లో నాకు పట్టిన పిచ్చి ఇది, చిన్న చిన్న యోధుల బొమ్మలు కొని భూతద్దం పెట్టుకుని రంగులు వేయడం. తెనాలిలో ఏటా జరిగే పోటీకి ఒకసారి ఒక వీరుణ్ణి తీసుకెళితే, న్యాయనిర్ణేత అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందండి, కానీ ఈయన యుద్ధం నుంచి వచ్చినట్టు లేడు, పెళ్ళికి బయల్దేరినట్టున్నాడు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ పూట అన్నం సహించలేదు. మరుసటి ఏడు ఆయన నోటితోనే ఔననిపించాలని పంతం పట్టాను. కత్తి పైకెత్తిన కొత్త వీరుణ్ణి తెచ్చి, మూడు నెలలు కూర్చుని కవచానికి గీతలూ సొట్టలూ దిద్దాను. రంగుపొడితో మోకాళ్ళ దాకా బురద అద్దాను. కత్తి మొనకు నీటిరంగుతో ఎర్రెర్రగా నెత్తురు పెట్టాను.

పోటీకి ముందురోజు పొద్దున్నే రేపల్లె నుంచి అక్క దిగింది. మా నాన్నకు అడవులదీవిలో చేపల పడవ ఉండేది. నేను చదువుకుని గుమస్తానయ్యాను, అక్క నలభై ఏళ్ళు చేపలు కోసి అమ్మింది. మా అమ్మ పెంపకంలో ఒక నియమం ఉండేది. నలుగురిలోకి వెళ్ళేది ఏదైనా సరే, చేపల బుట్టైనా చంటిబిడ్డైనా, కడగందే గడప దాటకూడదు. నేను బజారుకెళ్ళి వచ్చేసరికి మా వీరుడు సబ్బు నురగతో స్నానం చేసి, కిటికీలో తళతళలాడుతూ ఎండకు ఆరుతున్నాడు. గీతలు మిగిలాయి, నెత్తురూ బురదా పోయాయి.

"ఎంత పని చేశావే అక్కా!"

"ఆ మురికితోనే పదిమందిలోకి తీసుకెళ్తావేంట్రా? మన పరువేం కాను?"

నేను కేకలేశాను, దాచడమెందుకు. అక్క కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని, "పోయిందేంటో చూపించు," అంది. ఫోనులో ఫొటో చూపించాను. చూసి చూసి ఫక్కున నవ్వింది.

"కత్తి పైకెత్తాడు కదరా, నెత్తురు మొన మీదే ఆగుద్దేంటి? పిడి మీదుగా మోచేతి దాకా కారుద్ది. ఎండాక ఎర్రగా ఉంటదా, నల్లబడదూ? బురదా అంతే, పైన ఎండి తెల్లబడుద్ది, పాదాల కాడ తడిగా ఉంటది. రేవులో దిగినోడివి, ఇదన్నా గుర్తులేదా?"

గుర్తులేదు. సిగ్గేసింది. మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా ఆమె చెబుతుంటే నేను వేశాను. వేసిన ప్రతి చారనూ, నలభై ఏళ్ళు చేపల నెత్తురు కారిన తన ముంజేతి పక్కన పెట్టి సరిచూసేది. "ఇంకొంచెం ముదరనీ," అనేది, పొయ్యి మీద పులుసుకు చెప్పినట్టు.

తెల్లారి పాసింజరెక్కి ఇద్దరం తెనాలి వెళ్ళాం. అదే న్యాయనిర్ణేత. భూతద్దం వీరుడి మోచేతి దగ్గర ఆగిపోయింది. తలెత్తి, "సార్, మీరెప్పుడైనా కత్తి పట్టారా అండి?" అన్నాడు.

"నేను కాదండి, మా అక్క. నలభై ఏళ్ళు."

ఆయన లేచి అక్కకు దణ్ణం పెట్టాడు. మొదటి బహుమతి మాదే! పేరు పిలిస్తే నేను లేవడం మర్చిపోయాను, అక్కే వెళ్ళి కప్పు అందుకుంది. తిరుగు రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ "మా తమ్ముడు గెలిచాడండి" అని చెబుతూనే ఉంది. ఇంటికి రాగానే కప్పు కడిగింది.

గుడ్డ పక్కన పెట్టేశాను. మూడు నెలలు కూర్చుని నేను అద్దిన బురద సబ్బు నురగకు ఆగలేదు. కాలం నాకు చెప్పకుండా వేసిన ఈ దుమ్ము మాత్రం, అక్క వచ్చి చూసినా వంక పెట్టలేనంత చక్కగా కుదిరింది.