బిగుతైన గౌను

వీధిలో అందరూ ఆమెను మిషనక్క అంటారు. మనిషి గుమ్మంలో కనబడితే చాలు, నడుమెంతో భుజమెంతో చెప్పేస్తుంది. మెడలో టేపు అలంకారానికే. అంత పనిమంతురాలు మరిది కూతురి గౌను చెడగొట్టిందంటే ఎవరు నమ్ముతారు? తప్పు పిల్లదేనన్నారు.

ఆ పిల్ల గౌను తొడుక్కుని, "పెద్దమ్మా, ఊపిరాడట్లేదు" అంది.

"గౌనుకేం, నిక్షేపంలా ఉంది. నువ్వే బస్తాలా తయారయ్యావు. కాస్త నోరు కట్టుకో" అని ఠపీమని అనేసింది మిషనక్క. బట్టలకొచ్చిన ఆడవాళ్లు పకపకా నవ్వారు. పిల్ల నవ్వలేదు.

తన కూతురు జ్వరంతో పోయినప్పటి నుంచీ ఆ ఈడు పిల్ల కళ్లెదుట తిరిగితే మిషనక్కకు ఒళ్లు మండేది. తన కూతురూ ఈ పిల్లా ఒకే తానుగుడ్డ గౌన్లు తొడుక్కుని తిరిగినవాళ్లు. ఒకతి ఉంది, ఒకతి లేదు. ఇలాంటి మాట పైకి ఎలా అంటుంది?

కొన్నాళ్లకు తోటికోడలు ఏడుపు మొహంతో వచ్చింది. "అక్కా, నువ్వైనా చెప్పు దానికి. కంచం ముందు కూర్చోమంటే కూర్చోదు, పెద్దమ్మ కుట్టిన గౌను పట్టాలంటుంది. నిన్న బళ్లో కళ్లు తిరిగి పడిపోయింది. నీ మాటంటే దానికి గురి."

తోటికోడలు తెచ్చిన గౌను మిషనక్క అందుకుని లోపలివైపు తిప్పింది. పిల్లల బట్టలకు కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదలడం ఆమె పద్ధతి. పిల్ల ఎదిగేకొద్దీ కుట్లు విప్పి వదులు చేయొచ్చు. ఇందులో వెంట్రుకవాసి వదల్లేదు. నడుము, భుజం, చేయి, అన్నీ తన కూతురివే, ఆఖరిసారి కుట్టినప్పటివే. ఇక ఎదగని పిల్లకు ఎక్కువ గుడ్డ దేనికని చేతులు వాటంతటవే కత్తిరించేశాయి.

చేతులు పొరబడ్డాయి, సరే. నోరు పొరబడలేదు, కావాలనే అంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

అప్పటికప్పుడు మరిది ఇంటికి వెళ్లింది. పెద్దమ్మను చూడగానే పిల్ల లేచి నిలబడి, పొట్ట లోపలికి లాక్కుంది.

"వద్దు తల్లీ, ఊపిరి వదులు. ఇది నీకు కుట్టలేదే, అక్కకు కుట్టేశాను."

"మరి నన్ను బస్తా అన్నావుగా?"

"నువ్వున్నావు, అది లేదు. ఆ కుళ్లుతో అన్నాను."

మిషనక్క మెడలోంచి టేపు తీసి ఆ చిన్న నడుము చుట్టూ వేసింది. బిగబట్టిన పొట్ట మెల్లగా వదులైంది. పిల్ల మొహంలోకి చూసే ధైర్యం లేక టేపునే చూస్తూ, దానిమీద మరో రెండు వేళ్లు వదిలింది.